మూత పెట్టిన గిన్నె

20 సెప్టెంబరు 2025, శనివారం

ఇది జాబేజ్ నోటుబుక్కు. ముందు సగం వాడు రాసుకున్నాడు. వెనక సగం ఖాళీ. కాగితాలు పారేసుకునే ఇల్లు కాదు మాది, అందుకని నేను రాస్తున్నాను. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటాయి. చదివేవాళ్ళెవరూ లేరు గనక ఫరవాలేదు.

నిన్నటికి నా కొడుకు పోయి ఏడాది. ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఏడాది కూడికలో ప్రార్థన అయ్యాక పోయినవాళ్ళ వస్తువులు ఇంటి ఆడమనిషి తన చేత్తో పంచిపెట్టాలి. ఇచ్చింది మళ్ళీ అడక్కూడదు. ఎలా ఉందో చూడ్డానికి కూడా వెళ్ళకూడదు. చొక్కాలు ఇచ్చాను. బూట్లు ఇచ్చాను. గిటారు చర్చికి, వాచీ వాడి స్నేహితుడు దిలీప్‌కి ఇచ్చాను. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముందుకు రాలేదు.

అది మా మరిది కూతురు ఎవాంజలిన్‌కి అని ముందే అనుకున్నదే. రోలుగుంట నించి రోజూ బస్సెక్కి ఇక్కడ చోడవరంలో డిగ్రీ చదువుతోంది, కంప్యూటరు కోర్సు. ఆ పిల్ల నోరు తెరిచి అడగలేదు. వాళ్ళ నాన్నే అడిగాడు. ఇచ్చీ వదినా, షాపులో ఫార్మాట్ చేయించీసి పట్టుకెళ్తాను, ఆ ఆటలూ అవీ ఉంటే గుంట సదువు పాడైపోద్ది అన్నాడు. ఫార్మాట్ అంటే లోపలున్నదంతా తుడిచెయ్యడం.

నాకేమయిందో, అందరి ముందూ పాస్టరు అయ్యగారితో చెప్పేశాను. వాడు పోకముందే కొనుక్కున్న ఆట ఒకటి ఇంకా రావాల్సి ఉందండి, అది వచ్చాక ఇస్తాను అని. గదంతా నా వంక చూసింది. అయ్యగారు మంచివారు. ఎప్పుడొస్తుందమ్మా అని అడిగారు. అక్టోబరు పద్నాలుగు అన్నాను. ఆయన డైరీ తీసి రాసుకున్నారు.

మా అత్తగారు అప్పలమ్మ మూలన కూర్చుని, ఆట కోసం ఆగడవేటే, పెళ్ళికొడుకేటే అది, అంది. పాస్టరుగారి ముందు.

21 సెప్టెంబరు, ఆదివారం. చర్చి నించి వచ్చాక

ఎందుకు ఆగమన్నానో ఇక్కడైనా రాసుకోవాలి.

ఆ ఆట పేరు గ్రే ఫెర్రీ. నేను పడవ ఆట అనేదాన్ని. అందులో ఒక మనిషిని మనం నడిపించుకుంటూ ఊళ్ళు తిరగాలి, కనిపించినవాళ్ళతో మాట్లాడాలి, మధ్యలో కత్తి తిప్పాలి. ఒక రేవు ఉంటుంది. రేవులో ఒక ముసలమ్మ, పేరు మారెన్. పక్కన మూత పెట్టిన గిన్నె. ఎవరు పలకరించినా ఇంకా రాలేదు అంటుంది. ఎవరు రాలేదో చెప్పదు. గిన్నె మూత తియ్యడానికి ఉండదు. ఆట మొత్తం అయిపోయినా ఆ సంగతి తేలదట. దాని మీద దేశదేశాల వాళ్ళు కొట్టుకు చస్తున్నారట. పనిలేక.

రాబోయేది దాని ముందు కథ. ప్రీక్వెల్ అంటారు. గ్రే ఫెర్రీ జీరో. ముసలమ్మ ఇంకా వయసులో ఉన్న రోజులు.

వాడి నోటుబుక్కులో ఒక పేజీ ఉంది. పైన పెద్ద అక్షరాలతో: గిన్నె ఎవరికి? కింద స్నేహితులు ఒక్కొక్కరి మాట. బాబీ: హీరోకి పెట్టే విషం. దిలీప్: ఎవరికీ కాదు, కంపెనీవాడు పెట్టి మర్చిపోయాడు. సూర్యతేజ: చచ్చిపోయిన రాజుకి. అన్నిటికంటే కింద: అమ్మ: అన్నం తినకుండా తిరుగుతున్న కొడుక్కి. దాని చుట్టూ పెన్నుతో రెండు సార్లు సున్నా చుట్టాడు. పక్కన, ఇదే కరెక్ట్, జీరోలో తేలుతుంది, బాబీ మాడుగుల హల్వా కేజీ ఇవ్వాలి, అని రాశాడు.

నేను ఆ మాట ఎప్పుడన్నానో బాగా గుర్తుంది. బడిలో వంట చేసి వచ్చి, ఇంట్లో మళ్ళీ వండి, వాడి కంచం మీద మూత పెట్టి నాలుగో సారి పిలుస్తున్నాను. వాడు తల తిప్పకుండా, అమ్మా ఆ గిన్నె ఎవరికోసమంటావ్ అన్నాడు. నీలాటి గుంటడెవడో తినకుండా తిరుగుతన్నాడు, వాడి కోసం, ముందు నువ్వు లెగు అన్నాను. విసుగుతో అన్న మాట. వాడు రాసి పెట్టుకున్నాడు. దాని మీద పందెం కూడా కాశాడు.

నాకది తెలియాలి. అంతే. ఆ కంప్యూటరు తుడిచేస్తే వాడు కొన్న ఆట మళ్ళీ దొరకదు. పాస్‌వర్డు వాడికీ ఆ కంప్యూటరుకీ తప్ప ఇంకెవరికీ తెలీదు.

27 సెప్టెంబరు, శనివారం

బాబీ, దిలీప్ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. బాబీ సెల్ ఫోన్ల షాపులో చేస్తాడు, దిలీప్ బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాడు. వాడున్నప్పుడు ప్రతి శనివారం వచ్చేవారు. ఇప్పుడూ వస్తారు. లోపలికి రారు.

రెండు గంటలు ఆ రాని ఆట గురించే. కంపెనీని వేరేవాళ్ళు కొనేశారంట ఆంటీ, పాతోళ్ళందరూ ఎలిపోయారంట, ఇంకేటుంటాది అందులో, అంటాడు బాబీ. ముందు కథేటి ఆంటీ, సివరికేటవుద్దో మనకి తెలిసిపోయిందే, తెలిసిన కథ ఎవుడాడతాడు, అంటాడు దిలీప్. హీరో గొంతు మారిపోయిందట. కత్తి పొట్టిదైపోయిందట. మారెన్ జుట్టు నల్లగా ఉందట.

వయసులో ఉంటే నల్లగా ఉండదేటిరా అన్నాను.

అది కాదాంటీ అన్నాడు దిలీప్. ఏది కాదో చెప్పలేదు. టీ తాగి వెళ్ళారు.

3 అక్టోబరు

వాడి ఫోన్ నేను చార్జింగు పెడుతూనే ఉన్నాను. అందులో ఆ ఆటవాళ్ళ గ్రూపు ఉంది. తెలుగువాళ్ళే, నలభైమంది పైన. రోజుకి రెండు వందల మెసేజీలు. ఎవాంజలిన్ కాలేజీ అయ్యాక బస్సు వచ్చేదాకా మా ఇంట్లో ఆగుతుంది, నేనే రమ్మన్నాను, కంప్యూటరు మీద దాని ప్రాక్టీసు చేసుకుంటుంది. ఇంగ్లీషులో ఉన్నవి చదివి చెబుతుంది. అన్నీ అనుమానాలే. ఒక్కడంటే ఒక్కడు బాగుంటుంది అన్నవాడు లేడు. మరి అంత నచ్చనివాళ్ళు ఎందుకు కాచుకుని కూర్చున్నారో నాకు అర్థం కాలేదు. పెద్దమ్మా, ఇష్టమైనోళ్ళే అలా తిడతారు అంది ఎవాంజలిన్.

8 అక్టోబరు, బుధవారం

వాయిదా.

డిసెంబరు నాలుగుకి మార్చారట. మెరుగులు దిద్దాలట. ఆరు రోజుల్లో రావాల్సినదానికి ఇప్పుడా మెరుగులు. నేను ఎనభైమంది పిల్లలకి పన్నెండు గంటలకల్లా అన్నం దింపుతాను. గ్యాసు అయిపోయినా దింపుతాను. ఇంకో సహాయం మనిషి రాకపోయినా దింపుతాను. మెరుగులు దిద్దాలి, రెండు నెలలాగి తినండి అంటే హెడ్మాస్టరు ఊరుకుంటాడా.

మా చర్చిలో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. ఫలానా తేదీని ఫలానావాళ్ళకి పెళ్ళి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అంటారు. చదివేశాక ఆ తేదీ కదలదు. మా పెళ్ళికి తుఫాను. పెళ్ళివారు మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వచ్చారు. ఆయన కొత్త పంచె తొడల దాకా బురద. అయినా ఆ రోజే అయింది. నేను ఆట తేదీ కూడా అలాంటిదే అనుకున్నాను. అంత పెద్ద కంపెనీ, ప్రపంచం మొత్తానికి చదివి వినిపించిన తేదీ. అందుకే ధైర్యంగా అయ్యగారికి చెప్పాను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను.

12 అక్టోబరు, ఆదివారం

అయ్యగారికి డిసెంబరు నాలుగు అని చెప్పాను. డైరీలో కొట్టేసి రాసుకున్నారు. బయట చెప్పులేసుకుంటుంటే ముగ్గురు ఆడవాళ్ళు అడిగారు. ఆటొచ్చిందా శాలోమీ అని. ఒకావిడ అయితే, ఏ ఊరినించి వస్తంది, లారీలో వస్తాదా అని అడిగింది.

14 అక్టోబరు

ఈ రోజు రావాల్సింది. బడిలో గుడ్డు ఇచ్చే రోజు. ఒకటి మిగిలింది. ఎవరికీ పెట్టబుద్ధి కాలేదు.

28 అక్టోబరు, మంగళవారం

తుఫాను సెలవులు. గాలి. కరెంటు పోయి వస్తోంది. ఇంట్లో కూర్చుని వాడి ఫోన్ చూస్తుంటే గ్రూపులో మళ్ళీ అదే గోల. మారెన్ మొహం కొత్తదానిలో బాగోలేదట. ముక్కు మార్చాలని కంపెనీకి అర్జీ రాస్తారట, అందరూ సంతకాలు పెట్టాలట.

ఒళ్ళు మండిపోయింది. కింద మైకు బొమ్మ ఉంటే నొక్కి తిట్టాను. పంపాలని కాదు. నా బాధ తీరాలని. ఒరే బాబూ, వండకముందే ఉప్పెక్కువైందంటారేట్రా మీరు అన్నాను. ఆ యమ్మి ముక్కు మీకేం చేసిందిరా, సంబంధం చూడ్డానికొచ్చినోళ్ళలాగున్నారు, ఇష్టం లేపోతే మానీండి, మా వాడు ఏడాది ముందే కొనీసి కూకున్నాడు, ఒక్క మాట అన్లేదు, అన్నాను. ఇంకా ఏవో అన్నాను. వేలు తీసేసరికి అది వెళ్ళిపోయింది.

వాడి పేరుతో, వాడి ఫోటోతో వెళ్ళింది.

29 అక్టోబరు

మొదట కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. కొందరు సారీ ఆంటీ అన్నారు. తర్వాత రాజమండ్రి సూర్యతేజ అనే అతను రాశాడు. నోటుబుక్కులో చచ్చిపోయిన రాజు అన్నది ఇతనే. జాబేజ్ వాళ్ళ అమ్మగారా అండి, రాజు విషయంలో వాడితో నేను చాలా గట్టిగా గొడవపడ్డానండి, అప్పటినించి ఏడాదిగా పలకడం లేదు, కోపం వచ్చిందనుకున్నాం, నేను తగ్గానని చెప్పండి అని.

ఏడాదిగా వాడికి కోపం వచ్చిందనుకుంటున్నారు. బాబీ, దిలీప్ కూడా ఆ గ్రూపులో ఉన్నారు, ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదట.

దిలీప్‌ని పిలిచి నువ్వు రాయరా అన్నాను. నాలుగు సార్లు రాసి నాలుగు సార్లు కొట్టేశాడు. వాచీ వంక చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి ఎవాంజలిన్ ఫోన్ లాక్కుని ఒక్క లైను రాసి పంపేసింది. ఏం రాశావని నేను అడగలేదు.

31 అక్టోబరు

రెండు రోజులుగా ఆ ఫోన్ ఒక్క చప్పుడు చెయ్యలేదు. అదీ నాకు నచ్చలేదు.

1 నవంబరు

మళ్ళీ మొదలెట్టారు. కత్తి పొడుగు గురించి. కాస్త స్థిమితంగా ఉంది.

9 నవంబరు, ఆదివారం. మధ్యాహ్నం

ఎవాంజలిన్ అడిగింది, పెద్దమ్మా ఈ వైరుకి బియ్యప్పిండి అంటుకుంది ఎందుకని. కంప్యూటరు కరెంటు వైరు. చెప్పలేదు. ఇక్కడ రాస్తాను.

పోయిన ఏడాది సెప్టెంబరులో ఒక రోజు పొద్దున వాడు తలనొప్పి అన్నాడు. ఆ కంప్యూటరు చూసి చూసి వచ్చిందన్నాను. మధ్యాహ్నం కళ్ళ వెనకాల నొప్పి అన్నాడు. చూశావా, కళ్ళే, నేను చెప్పలేదా అన్నాను. ఆ వైరు పీకి బియ్యం డబ్బాలో దాచాను. వాడు వెతుక్కోలేదు. వెతుక్కోలేదంటేనే నాకు తెలియాల్సింది. కోపంతో పడుకున్నాడనుకున్నాను. కంచం మీద మూత పెట్టి వదిలేశాను, ఆకలేస్తే వాడే లేస్తాడని. రెండో రోజు ఒళ్ళు పెనంలా కాలింది. అలిగి తినకపోతే జ్వరం రాదా అని మాత్ర వేశాను. మూడో రోజు చిగుళ్ళలోంచి రక్తం. అప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాం. డెంగ్యూ అన్నారు. అక్కణ్ణించి వైజాగు. ప్లేట్లెట్లు ఎక్కిస్తూనే ఉన్నారు. డాక్టరు కుర్రవాడే, నా కొడుకు కంటే అయిదారేళ్ళు పెద్ద. రెండు రోజులు ముందు తెస్తే బాగుండేదమ్మా అన్నాడు.

ఆ రెండు రోజులూ నేను ఆట మీద పెట్టాను. ఆటది ఏ తప్పూ లేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. మా ఆయన కూడా అనలేదు. ఫ్యాక్టరీ నించి వస్తాడు, అన్నం తింటాడు, పడుకుంటాడు. అంటే బాగుండును.

ఆఖరి కంచంలో వంకాయ కూర. వాడికి ఇష్టం లేనిదే వండాను ఆ రోజు, సాధిద్దామని.

21 నవంబరు, శుక్రవారం

మరిది వచ్చాడు. కూర్చోలేదు. ఎవాంజలిన్‌కి డిసెంబరులో ప్రాక్టికల్స్ ఉన్నాయట. వదినా నీ బాధ నాకు తెల్దా, గానీ సచ్చిపోయినోడి ఆట కోసం బతికున్న గుంట రోజూ సీకటి పడ్డాక ఇల్లు సేరాలేటి అన్నాడు. మాట సూదిలా ఉంది, కానీ తప్పు కాదు. డిసెంబరు నాలుగు, ఇంకా పదమూడు రోజులు అన్నాను. అలాగే అన్నాడు. ఫార్మాట్ చేసే షాపులో మాట్లాడి పెట్టాను అని కూడా అన్నాడు.

25 నవంబరు

మళ్ళీ వాయిదా. ఫిబ్రవరి 27.

అత్తగారు అడిగింది, పెళ్ళికొడుకు బయల్దేరేడేటే అని. చేతిలో గరిటె ఉంది. కింద పెట్టి బయటికెళ్ళి నిలబడ్డాను.

30 నవంబరు, ఆదివారం

అయ్యగారు ఈసారి డైరీ తియ్యలేదు. శాలోమమ్మా, ఆట రాకపోతే ఏం చేస్తావు అన్నారు. ఆటే రాకపోతే. ఇంటికొచ్చి మరిదికి ఫోన్ చేశాను. ఫిబ్రవరి 27 ఆఖరు. అది వచ్చినా రాకపోయినా, మర్నాడు కాదు, ఆ వెంటనే వచ్చే సోమవారం పొద్దున కంప్యూటరు నీది అని. ప్రాక్టికల్స్ అయ్యేదాకా ఎవాంజలిన్ ఇక్కడే ఉండి చేసుకుంటుందని కూడా చెప్పాను. వాడి గదిలో చాప వేశాను. మంచం ఇచ్చేశాం కదా.

4 డిసెంబరు

రాలేదు. రాదని తెలుసు.

11 జనవరి 2026, ఆదివారం

కొత్త వీడియో వదిలారు, ట్రైలర్ అంట. గ్రూపు తగలబడిపోతోంది. రేవు చూపించారు, మారెన్‌ని చూపించారు, గిన్నె లేదు. గిన్నె తీసేశారు, ఆ కథ ఎత్తేశారు, మోసం, అని నాలుగు వందల మెసేజీలు. బాబీ పరిగెత్తుకొచ్చాడు. ఆంటీ అయిపోయింది, గిన్నె లేదు, పందెం లేదు అన్నాడు. వాడి మొహంలో హల్వా తప్పిందన్న సంతోషం లేదు. ఏడుపు మొహం.

నేను ఎవాంజలిన్ చేత ఆ ముక్కే ఆపి ఆపి పది సార్లు వేయించుకున్నాను. మారెన్ నడుస్తోంది. కుడి చెయ్యి ఊపుతోంది, ఎడమ చెయ్యి ఊపడం లేదు. ఎడమ చెయ్యి కొంగు చాటున ఉంది, కొంచెం ఎత్తి పట్టుకుంది. వేడిగిన్నె మోసేవాళ్ళు అలా నడుస్తారు. పాతికేళ్ళుగా మోస్తున్నాను, నాకు తెలీదా. కొంగు అడ్డం పెట్టి పట్టుకున్నాది రా, కాలకుండా, అన్నాను.

బాబీ చూశాడు. మళ్ళీ చూశాడు. గ్రూపులో పెట్టాడు: జాబేజ్ వాళ్ళమ్మ ఇలా అంటున్నారు అని. సగంమంది అవునన్నారు, సగంమంది ఆవిడకి చెయ్యి విరిగిందన్నారు. చెయ్యి విరిగిందట. వీళ్ళతో నేను పడలేను.

27 ఫిబ్రవరి, శుక్రవారం. పొద్దున తొమ్మిదిన్నర

వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

వచ్చింది అంటే రాలేదు. డౌన్‌లోడ్ అవుతోంది. అంత పెద్ద ఆట మా నెట్టుకి రెండు రోజులు పడుతుందట. ఒక గీత, దాని మీద నాలుగు శాతం. తొమ్మిది నెలలు కడుపులో మోసినప్పుడు వాడు కూడా నన్ను ఇంత సతాయించలేదు. బాబీ తన ఫోన్ నెట్టు కూడా కలిపాడు. అప్పుడు కరెంటు పోయింది.

28 ఫిబ్రవరి

అరవై ఒక శాతం. కంపెనీ వాడు దాచిపెట్టి చుక్కలు చుక్కలుగా పోస్తున్నాడు.

గ్రూపులో ఇప్పటికే కొందరు ఆడేశారు. చెప్పొద్దు, జాబేజ్ వాళ్ళమ్మ ఇంకా చూడలేదు, ఎవరూ ఏమీ చెప్పొద్దు, అని సూర్యతేజ రాశాడట. నలభైమందీ నోరు మూసుకున్నారట. నాకు నమ్మకం లేదు గానీ, ఫోన్ మాత్రం మోగలేదు.

1 మార్చి, ఆదివారం. సాయంత్రం నాలుగు

చర్చి నించి సరాసరి వచ్చేశారు. బాబీ, దిలీప్ ఈసారి అరుగు మీద ఆగలేదు, చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. బాబీ చేతిలో పొట్లం ఉంది. మాడుగుల హల్వా. ఓడిపోతే ఇద్దారని తెచ్చేను ఆంటీ, గెలిస్తే నేనే తినీస్తాను అన్నాడు. అత్తగారు కుర్చీ వేయించుకుని కూర్చుంది. సినిమా అనుకుంది. ఆయన లోపలికి రాలేదు, గుమ్మంలో నిలబడ్డాడు.

దిలీప్ ఆడాడు. ఎవాంజలిన్ చదివి చెప్పింది. గంటన్నర ఏవో కొండలు, ఏవో కొట్లాటలు. కత్తి నిజంగానే పొట్టిదే. బాబీ అదేదో తన కత్తి అయినట్టు బాధపడ్డాడు. నాకు నడుం లాగేసింది. ఈ గోలకా ఇన్నాళ్ళు కాచుకున్నది అనుకున్నాను.

తర్వాత రేవు వచ్చింది.

ఎండ కాస్తోంది. మారెన్ నిలబడి ఉంది. జుట్టు నల్లగా ఉంది, ముక్కు బాగానే ఉంది. ఎడమ చేతిలో గిన్నె. మీద మూత. రేవు మెట్ల మీద అయిదేళ్ళ గుంటడు ఒకడు పైకీ కిందకీ పరిగెడుతున్నాడు. పుల్ల పట్టుకుని కత్తి తిప్పినట్టు తిప్పుతున్నాడు.

దిలీప్ వెళ్ళి మారెన్‌ని పలకరించాడు. అక్షరాలు వచ్చాయి. ఎవాంజలిన్ గొంతు సవరించుకుని చదివింది. పెద్దమ్మా, పది సార్లు పిలిసేను, వాడు రావట్లేదు, తినేసి ఆడుకోమంటే వినడు, అంటంది అని.

బాబీ పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. వాడి ముక్కు ఎర్రగా ఉంది.

నాకేమో కోపం వచ్చింది. నిజం రాస్తున్నాను, ఏడుపు కాదు, కోపం. అలా నిలబడి పిలిస్తే ఎవడొస్తాడు. వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కురావాలి. మూత కూడా సరిగా పెట్టలేదు, ఓ పక్క తెరుచుకుని ఉంది, చల్లారిపోదా. ఆ మాటే పైకి అన్నాను. అత్తగారు కళ్ళు చికిలించి, ఆ గుంటడెవుడే, మనోడిలాగే తిప్పుతన్నాడు పుల్ల, అంది. గుమ్మంలోంచి ఆయన ఒక్క మాట అన్నాడు. వాణ్ణి సంకనెత్తుకోమనే దాన్ని అని. ఏడాదిన్నరలో ఆయన ఆ గది వైపు చూసి అన్న మొదటి మాట అది.

దిలీప్ మళ్ళీ పలకరించాడు. మళ్ళీ అదే. మూడోసారి కూడా అదే. పక్కన పడవ ఉంది. ఇంక పడవెక్కితే అవతల ఒడ్డుకి పోతాం, అక్కణ్ణించి అసలు కథ, అన్నాడు దిలీప్. అవతల ఒడ్డు నించి వచ్చేసరికి ఏమవుతుందిరా అన్నాను. దిలీప్‌కి తెలీదు. బాబీకి తెలుసు, షాపులో ఎవరో చెప్పేశారు. నేల వంక చూశాడు. చాలు, నాకు అర్థమైంది. ముసలమ్మ అయ్యాక కూడా గిన్నె పట్టుకుని ఉంది కదా. చివరికి ఏమవుతుందో నాకు ముందే తెలుసు. దిలీప్ మొదట్లో అన్నదే, తెలిసిన కథ ఎవరాడతారని.

పడవ ఎక్కొద్దు అన్నాను.

ఆంటీ, ఇది గంటన్నరే, ఇంకా అరవై గంటలున్నాది ఆట, అన్నాడు. ఉండనీ అన్నాను. ఇక్కడే ఆపు. ఇక్కడే దాచి పెట్టు. ఎండ ఉంది, గిన్నె వేడిగా ఉంది, గుంటడు మెట్ల మీదున్నాడు. ఇంకేం కావాలి.

దిలీప్ దాచిపెట్టాడు. సేవ్ అని వచ్చింది. హల్వా అందరికీ పెట్టాను. బాబీయే ఎక్కువ తిన్నాడు.

2 మార్చి, సోమవారం. పొద్దున ఏడు

మరిది ఆటో తెచ్చాడు. ఆయన వైర్లన్నీ చుట్టి, పాత దుప్పటి చుట్టాడు. నా చేత్తో ఎవాంజలిన్ చేతికి ఇచ్చాను. ప్రార్థన నేనే చేశాను, రెండు మాటలు.

ఫార్మాట్ లేదు అని చెప్పాను మరిదికి. ఇచ్చింది ఇచ్చినట్టు ఉండాలి, అదీ పద్ధతే అన్నాను. ఏదో అనబోయాడు. ఎవాంజలిన్ ఆటో ఎక్కుతూ, నాన్నా ఎక్కు, ఎండెక్కిపోద్ది అంది. ఎక్కాడు.

ఇచ్చిందాని గురించి అడక్కూడదు. అడగను.

ఎనభైమందికి అన్నం దింపాను. పన్నెండు అయిదయింది. మొదటిసారి ఆలస్యం.

8 మార్చి

గ్రూపువాళ్ళు ఇప్పుడు ఆట బాగుందంటున్నారు. రెండో భాగం ఎలా పాడుచేస్తారో అని అప్పుడే మొదలెట్టారు.

15 మార్చి, ఆదివారం

ఎవాంజలిన్ ఫోన్ చేసింది. నేను అడగలేదు. తనే చెప్పింది, రోజూ తెరిచి చూస్తుందట, పడవ మాత్రం ఎక్కలేదట.

గుంటడు ఇంకా తినలేదట.